నడకకు ముందే మొదలయ్యే యాత్ర



పుణ్యక్షేత్రానికి నడిచి వెళ్లడం మన విశ్వాసులకు కొత్త సంగతి కాదు. ఫిబ్రవరి నెల వచ్చిందంటే చంటిబిడ్డలను చంకనెత్తుకొని, జపమాల చెప్పుకొంటూ, రోడ్డు ప్రక్కన గుణదల మరియమాత సన్నిధికి నడిచిపోయే కుటుంబాలను చూస్తూనే ఉంటాం. అయితే ఈ మధ్య కొన్ని కుటుంబాలు మరొక దారిని గురించి అడుగుతున్నాయి. పిల్లలు ఐరోపా దేశాలలో చదువుకొంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. వారిని చూడడానికి తల్లిదండ్రులు వెళుతున్నారు. "ఎలాగూ అంత దూరం వెళుతున్నాం కదా ఫాదర్ గారూ! స్పెయిన్ దేశంలో యాకోబుగారి సమాధికి నడిచి వెళ్లే దారి ఉందట. ఆ దారిలో కొన్నాళ్లు నడవాలని ఉంది. ఏమేమి సిద్ధం చేసుకోవాలి?" అన్నది వారి ప్రశ్న.

మంచి ప్రశ్న. దీనికి రెండు జవాబులున్నాయి. సంచిలో ఏమి పెట్టుకోవాలో చెప్పే జవాబు ఒకటి. ఇంట్లో ఏమి చక్కబెట్టుకోవాలో చెప్పే జవాబు మరొకటి. మొదటిది తెలియకపోతే కాళ్లు బొబ్బలెక్కుతాయి. రెండవది తెలియకపోతే నడిచిన నడకంతా వ్యర్థమవుతుంది. కాబట్టి రెండూ చెప్పుకొందాం.

ఆ దారి ఎవరిది?

స్పెయిన్ దేశానికి వాయవ్య మూలన గలీసియా అనే ప్రాంతం ఉంది. అందులో సాంతియాగో దె కొంపోస్తెలా అనే పట్టణం ఉంది. సాంతియాగో అంటే పునీత యాకోబు అనే అర్థం. జెబెదాయి కుమారుడు, యోహానుగారి సోదరుడు, గలిలీయ సరస్సు ఒడ్డున తండ్రినీ వలలనూ విడిచి ప్రభువు వెంట నడిచిన యాకోబు ఆయన. క్రీ.శ. 44 ప్రాంతంలో హేరోదు అగ్రిప్ప రాజు ఆయనను కత్తితో చంపించిన సంగతి అపోస్తలుల కార్యములు 12వ అధ్యాయంలో చదువుతాం. అపోస్తలులలో మొట్టమొదట వేదసాక్షి అయినవారు ఆయనే.

శిష్యులు ఆయన భౌతికకాయాన్ని ఓడలో గలీసియా తీరానికి చేర్చారని సంప్రదాయం. 9వ శతాబ్దం తొలినాళ్లలో పెలాయో అనే ఏకాంతవాసి ఒక వింత వెలుగును చూశాడనీ, తెయోదొమీరో అనే పీఠాధిపతి ఆ చోట సమాధిని గుర్తించాడనీ, రెండవ అల్ఫోన్సో రాజు అక్కడ గుడి కట్టించాడనీ చెబుతారు. 1955లో ఆ దేవాలయం క్రింద జరిగిన తవ్వకాలలో 847వ సంవత్సరపు తేదీతో తెయోదొమీరో సమాధిరాయి బయటపడింది. ఆ పీఠాధిపతి కల్పిత వ్యక్తి కాడని దానితో తేలింది. అక్కడి అవశేషాలు యాకోబుగారివేనని 1884లో జగద్గురువులు 13వ లియోగారు ప్రకటించారు.

ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఇది మనం విశ్వాస సంగ్రహంలో ఒప్పుకొనే విశ్వాస సత్యం కాదు. చరిత్రకారులలో సందేహించేవారు ఉన్నారు. సందేహించినందువల్ల ఎవరూ అవిశ్వాసి కారు. ఆ సమాధి ముందు మోకరించే విశ్వాసి ఎముకల లెక్క తేల్చుకోవడానికి మోకరించడు. క్రీస్తు కోసం ప్రాణమిచ్చిన ఒక జాలరిని తలంచుకొని మోకరిస్తాడు. అలాగే మధ్యయుగపు యుద్ధాల కాలంలో ఆ దేశస్థులు ఆయనను గుర్రమెక్కించి, చేతికి కత్తినిచ్చి, శత్రువులను నరికే వీరునిగా చిత్రించుకొన్నారు. అలాంటి బొమ్మలు దారిలో నేటికీ కనబడతాయి. వాటిని చూసినప్పుడు గుర్తుంచుకోండి. మన యాకోబుగారు ఎవరినీ కత్తితో చంపలేదు. ఆయనే కత్తికి తలవంచారు.

గమ్యం మొదట

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివేటప్పుడు పునీత తోమాసు అక్వినాసుగారి వద్ద ఒక సూత్రం నేర్చుకొంటాం. గమ్యం అనేది తలంపులో అన్నిటికంటే ముందుంటుంది, ఆచరణలో అన్నిటికంటే చివర వస్తుంది. ఇల్లు కట్టేవాడిని చూడండి. కాపురం ఉండాలన్న కోరిక మొదట పుట్టింది. కాపురం ఉండడం మాత్రం గోడలు లేచి, కప్పు పడిన తరువాతే. మొదటి కోరిక ఎలాంటిదో, గదులూ అలాగే ఉంటాయి. ధాన్యం దాచుకోవాలని కట్టినవాడు గాదె కడతాడు. చుట్టాలు రావాలని కట్టినవాడు అరుగు వేస్తాడు.

యాత్ర కూడా అంతే. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని జతల బట్టలు అని లెక్కవేయడానికి ముందు, అక్కడికి చేరి ఏమి అడగబోతున్నామో తేల్చుకోవాలి. ఈ విషయంలో యాకోబుగారి ఇంటిలోనే మనకు పాఠం ఉంది. మత్తయి సువిశేషం 20వ అధ్యాయం తీసి చదవండి. జెబెదాయి భార్య తన కొడుకులిద్దరినీ వెంటబెట్టుకొని వచ్చి, ప్రభువు రాజ్యంలో ఒకడికి కుడివైపు, ఒకడికి ఎడమవైపు కుర్చీ కావాలని అడిగింది. ఏ తల్లి అడగదు? మనమూ పిల్లల కోసం అదే అడుగుతాం, సీటు కావాలని. ప్రభువు ఆమెను కసురుకోలేదు. ఆ కుమారులను తిరిగి ఒక ప్రశ్న అడిగారు, తాను త్రాగబోయే పాత్రను వారు త్రాగగలరా అని. త్రాగగలమన్నారు. యాకోబుగారికి కుర్చీ సంగతి ఏమైందో మనకు తెలియదు. పాత్ర మాత్రం అందింది.

కాబట్టి ఆ సమాధికి నడిచేవారు ఎవరి వద్దకు నడుస్తున్నారో ఆలోచించాలి. కుర్చీ అడగడానికి వచ్చి, పాత్ర పుచ్చుకొని వెళ్లినవాని వద్దకు నడుస్తున్నారు. ఉద్యోగం కోసమో, వీసా కోసమో, సంతానం కోసమో అడగవచ్చు. తప్పు లేదు. కాని ప్రభువు చేతిలో పాత్ర కూడా ఉంటుందని తెలుసుకొని అడగాలి.

ఇల్లు చక్కబెట్టుకోవడం

మధ్యయుగంలో ఐరోపా యాత్రికుడు బయలుదేరే ముందు కొన్ని పనులు తప్పక చేయాలని శ్రీసభ కోరేది. అప్పులు తీర్చాలి. అన్యాయంగా తీసుకొన్నది తిరిగి ఇవ్వాలి. పగ ఉన్నవారితో రాజీపడాలి. వీలునామా వ్రాయాలి. భార్య లేక భర్త సమ్మతి పొందాలి. పాపసంకీర్తనం చేయాలి. ఆ తరువాతే గురువు అతని సంచినీ చేతికర్రనూ ఆశీర్వదించి పంపేవారు. దారిలో దొంగలు, జబ్బులు, మంచు. తిరిగి వస్తాడన్న నమ్మకం లేదు. కాబట్టి చనిపోయేవాడు ఎలా సిద్ధపడతాడో అలా సిద్ధపడి బయలుదేరేవాడు.

ఈనాడు విమానం ఉంది, బీమా ఉంది, ఫోను ఉంది. అందువల్ల ఆ జాబితాను మనం మరచిపోయాం. నా మనవి ఏమిటంటే, దానిని మళ్లీ బయటకు తీయండి. బలిపీఠం వద్దకు కానుక తెచ్చినవాడు, తన మీద సోదరునికి మనస్తాపం ఉన్నదని జ్ఞప్తికి వస్తే, కానుకను అక్కడే విడిచి ముందుగా వెళ్లి సమాధానపడాలని ప్రభువు కొండమీద ప్రసంగంలో చెప్పారు (మత్తయి 5:23-24). పొలం గట్టు దగ్గర అన్నదమ్ములకు పదేళ్లుగా మాటలు లేవు. ఇద్దరి ఇళ్ల మధ్య వంద అడుగుల దూరం లేదు. ఆ వంద అడుగులు నడవలేనివాడు స్పెయిన్ దేశంలో వంద కిలోమీటర్లు నడిచి ఏమి సాధిస్తాడు? యాత్రలో మొదటి మజిలీ తమ్ముని గుమ్మమే.

డబ్బు సంగతి కూడా అంతే. అప్పు చేసి పప్పుకూడు వద్దంటారు పెద్దలు. అప్పు చేసి పుణ్యయాత్ర కూడా వద్దు. కూలీవాని బకాయి ఉంచి, పనిమనిషి జీతం ఆపి, ఆడబిడ్డకు ఇవ్వవలసిన వాటా ఇవ్వకుండా విమానం టిక్కెట్టు కొన్నవాడు ఇతరుల సొమ్ముతో నడుస్తున్నాడు. అలాగే మంచం పట్టిన తల్లిని చూసేవారు లేకుండా చేసి వెళ్లడం భక్తి కాదు. ఆమె మంచం ప్రక్కన కూర్చోవడమే ఆ ఏడాదికి ఆ కుమారుని యాత్ర.

మొక్కుల మాట

"మరి మొక్కుకొన్నాం కదా ఫాదర్ గారూ, వెళ్లకపోతే దోషం కాదా?" అని భయపడేవారు ఉన్నారు. వారి కోసం శ్రీసభ చట్టం ఏమంటుందో చెబుతాను. 1983 శ్రీసభ చట్టసంపుటిలో 1191వ చట్టం ప్రకారం, మొక్కుబడి అంటే సాధ్యమైనదీ, మేలైనదీ అయిన కార్యాన్ని తెలిసి, స్వేచ్ఛగా దేవునికి వాగ్దానం చేయడం. భయంతోనో, ఇతరుల బలవంతంతోనో చేసినది ఆ స్వేచ్ఛతో చేసినది కాదు. 1193వ చట్టం ప్రకారం, మొక్కుకొన్నవారికే ఆ బాధ్యత వర్తిస్తుంది. "నీకు ఉద్యోగం వస్తే నిన్ను నడిపిస్తానని మొక్కాను" అని తల్లి అన్నంతమాత్రాన ఆ కుమారుడు దానికి బద్ధుడు కాడు. అతడు ప్రేమతో నడిస్తే మంచిదే. భయపెట్టి నడిపించరాదు. 1196వ చట్టం ప్రకారం, న్యాయమైన కారణం ఉంటే, ఇతరుల హక్కుకు నష్టం రాకుండా, వ్యక్తిగతమైన మొక్కుబడి నుండి విడుదల చేసే అధికారం విచారణ గురువుకు ఉంది. 1197వ చట్టం ప్రకారం, మొక్కుకొన్న పనిని దానికి సమానమైన లేక అంతకంటే మేలైన మరొక పనిగా మొక్కుకొన్నవారే మార్చుకోవచ్చు.

కాబట్టి జబ్బుపడి నడవలేకపోయినవారూ, డబ్బు లేనివారూ రాత్రులు నిద్రమాని బాధపడవలసిన పనిలేదు. మీ విచారణ గురువు వద్దకు వెళ్లి చెప్పండి. దేవుడు వడ్డీ వ్యాపారి కాడు. మన వాగ్దానంతో మనల్ని ఉరివేయడు.

దారి లెక్కలు

ఇంటి సంగతి తేలిందనుకొందాం. ఇప్పుడు దారి సంగతి చూద్దాం.

యాకోబుగారి సమాధికి చేరే దారులు చాలా ఉన్నాయి. వాటిలో ప్రసిద్ధమైనది ఫ్రెంచి దారి. ఇది ఫ్రాన్సు సరిహద్దులోని సాన్ జాన్ పియె ద పోర్ అనే చిన్న పట్టణంలో మొదలై, పిరెనీస్ పర్వతాలు దాటి, పాంప్లోనా, లొగ్రోన్యో, బుర్గోస్, లెయోన్, అస్తోర్గాల మీదుగా సాంతియాగో చేరుతుంది. మొత్తం సుమారు 780 కిలోమీటర్లు. రోజుకు 20 నుండి 25 కిలోమీటర్ల చొప్పున నడిస్తే ఐదు వారాలు పడుతుంది. మొదటి రోజే కష్టమైన రోజు. రొన్సెస్‌వయ్యెస్ మఠం చేరేలోగా సుమారు 25 కిలోమీటర్లు నడవాలి, 1,400 మీటర్ల ఎత్తుదాకా ఎక్కాలి. నవంబరు మొదలు మార్చి చివరిదాకా ఆ కొండదారిని మూసివేస్తారు. లోయ దారిన వెళ్లాలి. రొన్సెస్‌వయ్యెస్‌లో సాయంత్రపు పూజ తరువాత యాత్రికులకు ఆశీర్వాదం ఇస్తారు. దానిని వదులుకోవద్దు.

ఐదు వారాలు అందరికీ కుదరవు. సాంతియాగో దేవాలయం ఇచ్చే కొంపోస్తెలా అనే లాటిను పత్రానికి కనీసం 100 కిలోమీటర్లు కాలినడకన రావాలి. సైకిలు మీదనైతే 200 కిలోమీటర్లు. అందుచేత చాలామంది సారియా అనే ఊరి నుండి మొదలుపెడతారు. అక్కడి నుండి సుమారు 115 కిలోమీటర్లు. మామూలుగా ఐదు మజిలీలు. పోర్తోమరీన్‌కు 22, పలాస్ దె రెయ్‌కి 25, అర్సూవాకు 29, ఓ పెద్రోసోకు 19, సాంతియాగోకు 20 కిలోమీటర్లు, కొంచెం అటూ ఇటూగా. యాభై దాటినవారు 29 కిలోమీటర్ల మజిలీని మెలిదే అనే ఊరి దగ్గర రెండుగా విడదీసుకోవడం తెలివైన పని. ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకోండి. తొందరపడి నడిచినవాడికి గడియారం గుర్తుంటుంది గాని గుడి గుర్తుండదు.

పోర్తోమరీన్ గురించి ఒక ముచ్చట. 1960ల దశకంలో అక్కడ ఆనకట్ట కట్టినప్పుడు పాత ఊరు నీట మునిగింది. ఊరివారు తమ గుడిని రాయి రాయి విప్పి, కొండమీదికి మోసుకొనిపోయి తిరిగి కట్టుకొన్నారు. శ్రీశైలం జలాశయం నీటి నుండి కూడవెల్లి ఆలయాన్ని అలాగే తరలించిన సంగతి మనవారికి తెలిసిందే. ఊరు విడిచినా గుడిని విడువలేదు వారు. దూరదేశాలకు కాపురం మార్చిన మన పిల్లలు ఆ రాళ్ల ముందు ఒక్క నిమిషం నిలబడితే మంచిది.

ఏ కాలంలో వెళ్లాలి? ఏప్రిల్ నుండి జూన్ వరకు, లేక సెప్టెంబరు, అక్టోబరు నెలలు అనుకూలం. జూలై, ఆగస్టులలో బుర్గోస్, లెయోన్ మధ్య మైదానంలో నీడ లేదు, ఎండ తీవ్రం, జనం ఎక్కువ. గలీసియాలో ఏ నెలలోనైనా వాన పడవచ్చు. యాకోబుగారి పండుగ జూలై 25 ఆదివారం నాడు వచ్చిన ఏడాదిని అక్కడ పవిత్ర సంవత్సరంగా జరుపుతారు. 2021లో అలా వచ్చింది, దానిని 2022 దాకా పొడిగించారు. మళ్లీ 2027లో వస్తుంది. ఆ ఏడాది పవిత్ర ద్వారం తెరుస్తారు, పరిపూర్ణ దండపరిహారం లభిస్తుంది. అయితే ఆ ఫలం పాపసంకీర్తనం, దివ్యసత్ప్రసాదం, జగద్గురువుల ఉద్దేశాల కొరకు ప్రార్థన అనే షరతులతో కూడినది. తలుపు దాటితే చాలుననుకోరాదు. 2024లోనే దాదాపు 5 లక్షలమంది యాత్రికులు ఆ పత్రం పుచ్చుకొన్నారు. పవిత్ర సంవత్సరంలో రద్దీ ఇంకా ఎక్కువగా ఉంటుంది. బస చాలా ముందుగా చూసుకోవాలి.

కాళ్లు, సంచి, కాగితాలు

కాళ్లను ముందుగా తయారుచేసుకోవాలి. నాలుగు నెలల ముందు నుండి వేకువ జామున నడక మొదలుపెట్టండి. మొదట 5 కిలోమీటర్లు, తరువాత 10, ఆపైన 15. చివరి నెలలో వీపున సంచితో రెండు రోజులు వరుసగా నడిచి చూడండి. మొదటి రోజు ఎవరైనా నడుస్తారు. రెండవ రోజు ఉదయం లేచి నడవగలమా అన్నదే పరీక్ష. కొత్త బూట్లతో ఎన్నడూ బయలుదేరవద్దు. అవి మీ కాలికి అలవాటు పడి ఉండాలి. చక్కెర జబ్బు, రక్తపోటు ఉన్నవారు వైద్యుని అడిగి, మందులు రోజులకు సరిపడా చీటీతో సహా తీసుకువెళ్లాలి. చక్కెర జబ్బు ఉన్నవారికి అరికాలి బొబ్బ చిన్న విషయం కాదు. రోజూ రాత్రి కాళ్లు చూసుకోవాలి. ఆపదలో పిలువవలసిన నంబరు ఐరోపా అంతటా 112.

సంచి బరువు మీ బరువులో పదవ వంతుకు మించరాదు. 60 కిలోల మనిషికి 6 కిలోలు. రెండు జతల బట్టలు, వాన కోటు, పలుచని దుప్పటి సంచి, సబ్బు, సూదీ దారం, కట్టుగుడ్డ, నీళ్ల సీసా. పచ్చడి సీసా పెట్టాలని మన తల్లులకు చేయి లాగుతుంది. ఒక చిన్న పొట్లం పెట్టండి, జాడీ వద్దు. అక్కడ రొట్టె, బంగాళాదుంప అట్టు, పప్పు చారు వంటివి దొరుకుతాయి. ప్రభువు శిష్యులను పంపినప్పుడు సంచీ, రెండవ అంగీ వద్దన్నారు. ఆ మాటలోని తెలివి మూడవ రోజు కొండ ఎక్కేటప్పుడు భుజాలకు తెలుస్తుంది. మోయలేనివారు సంచిని తరువాతి మజిలీకి బండిలో పంపే ఏర్పాటు ఉంది. అందులో సిగ్గుపడవలసింది లేదు.

భారతీయ పౌరులకు షెన్‌గెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండి దరఖాస్తు పెట్టవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా పెట్టాలి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశపు కార్యాలయంలోనే పెట్టాలి. జర్మనీలో కూతురి వద్ద నెల ఉండి స్పెయిన్‌లో వారం నడిచేవారు జర్మనీ వీసా అడగాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. వీసా చేతికి రానిదే తిరిగి డబ్బు రాని టిక్కెట్లు కొనవద్దు.

ఇంకొక కాగితం యాత్రికుని చేతిపత్రం. దానిని క్రెదెన్సియాల్ అంటారు. యాత్ర మొదలయ్యే ఊళ్లలోని యాత్రికుల కార్యాలయాలలోనూ, గుళ్లలోనూ దొరుకుతుంది. రోజుకు కనీసం రెండు చోట్ల, గుళ్లలోనో బసలలోనో, దానిమీద ముద్ర వేయించుకోవాలి. పూర్వం యాత్రికులు తమ విచారణ గురువుల నుండో పీఠాధిపతుల నుండో తీసుకువెళ్లిన పరిచయపత్రాలకు ఇది వారసురాలు. కాబట్టి మీరు కూడా బయలుదేరే ముందు ఆదివారం మీ విచారణ గుడిలో ఆశీర్వాదం పొంది వెళ్లండి. ఒంటరిగా నడిచినా మీ విచారణ మిమ్ములను పంపిందని తెలుస్తుంది.

దారి వేసినవారు

ఆ దారిలో ఇద్దరిని తప్పక తలచుకోవాలి.

ఒకరు పునీత దొమింగో. 11వ శతాబ్దపు మనిషి. సన్యాసి కావాలని మఠాల తలుపు తట్టాడు. చేర్చుకోలేదు. ఓహా నది ఒడ్డున అడవిలో ఏకాంతవాసిగా ఉండిపోయాడు. ఆ దారిన పోయే యాత్రికులు అడవిలో తప్పిపోవడం, నదిలో అవస్థపడడం చూశాడు. చెట్లు కొట్టి బాట వేశాడు. నదిమీద వంతెన కట్టాడు. అలసినవారికి సత్రం కట్టాడు. 1109లో మరణించాడు. ఆయన సమాధి చుట్టూ పెరిగిన పట్టణానికి ఆయన పేరే పెట్టారు, బాటల దొమింగో అని. మఠం చేర్చుకోని మనిషిని దారి పునీతుణ్ణి చేసింది. సెమినరీలో సీటు రాలేదనో, మఠంలో చేర్చుకోలేదనో క్రుంగిపోయిన యువతీయువకులు మన విచారణలలో ఉన్నారు. ఒక తలుపు మూసినంతమాత్రాన దేవుని పని మూసినట్లు కాదని ఈ పునీతుడు చెబుతున్నాడు.

రెండవవారు ఓ సెబ్రెయిరో విచారణ గురువు, ఫాదర్ ఎలియాస్ వలీన్యా. ఓ సెబ్రెయిరో సుమారు 1,300 మీటర్ల ఎత్తున ఉన్న కొండపల్లె. గుప్పెడు ఇళ్లు, ఒక గుడి. పూర్వం మంచు తుఫానులో ఒక రైతు ఎంతో కష్టపడి పూజకు వస్తే, పూజ చేస్తున్న గురువు అతణ్ణి మనసులో చులకన చేశాడనీ, అప్పుడు అప్పము మాంసంగా, ద్రాక్షారసం రక్తంగా కనిపించాయనీ ఆ గుడి సంప్రదాయం. ఆ పాత్రను నేటికీ అక్కడ చూడవచ్చు. గురువులమైన మాకు అది భయం పుట్టించే కథ. ఆ చిన్న విచారణలోనే ఫాదర్ వలీన్యా ఉండేవారు. అప్పటికి ఆ దారి దాదాపు మరుగున పడింది. ఏటా నడిచేవారు చాలా తక్కువ. ఆయన ఆ దారి చరిత్ర మీద డాక్టరేటు చేసిన పండితులు. కాని పుస్తకం వ్రాసి ఊరుకోలేదు. 1984లో తన కారులో పసుపురంగు డబ్బాలు వేసుకొని, పిరెనీస్ కొండల నుండి మొదలుపెట్టి, చెట్టు మీద, బండ మీద, గోడ మీద బాణం గుర్తులు వేసుకొంటూ పోయారు. 1989లో మరణించారు. ఈనాడు లక్షలమంది ఆ పసుపు బాణాలను చూసే నడుస్తున్నారు. వారిలో చాలామందికి ఆయన పేరు తెలియదు. బాణం చేయవలసిన పని కూడా అదే. తనను చూపించుకోవడం కాదు, దారిని చూపించడం. తల్లిదండ్రులారా, ఉపదేశులారా, మనం పిల్లలకు బాణాలుగా ఉన్నామా, లేక దారికి అడ్డంగా ఉన్న బోర్డులుగా ఉన్నామా?

నడిచేటప్పుడు

ఉదయం మొదటి గంట మౌనంగా నడవండి. తరువాత జపమాల. మధ్యాహ్నం తోటివారితో మాటలు. సాయంత్రం ఏ ఊరిలో పూజ ఉంటే ఆ పూజలో పాల్గొనండి. భాష తెలియకపోయినా పూజ తెలుసు కదా. కొన్ని విచారణ సత్రాలలో గది అద్దె ఉండదు, కానుకల పెట్టె ఉంటుంది. పెట్టె ఉన్నదంటే ఉచితం అని అర్థం కాదు. మీ తరువాత వచ్చే పేద యాత్రికుని కోసం వేయండి. దారిలో కొందరు విశ్వాసం లేనివారు కూడా నడుస్తారు. విడాకులతో, మరణదుఃఖంతో, పోయిన ఉద్యోగంతో నడుస్తారు. వారికి ప్రసంగాలు చేయవద్దు. ఎమ్మావుసు దారిలో ప్రభువు మొదట చేసిన పని అడగడం, వినడం. వివరించడం తరువాత.

సుమారు 1,500 మీటర్ల ఎత్తున, ఆ దారిలోని అతి ఎత్తైన చోట్లలో ఒక ఇనుప సిలువ ఉంది. యాత్రికులు ఇంటి నుండి తెచ్చిన చిన్న రాయిని దాని పాదాల వద్ద విడిచి వెళతారు. అంతదూరం నడిచేవారు మన ఊరి వాగులో గులకరాయి ఒకటి తీసుకువెళ్లవచ్చు. ఏ భారాన్ని అక్కడ దించబోతున్నారో ఇంటి దగ్గరే నిశ్చయించుకోండి. ఒకటే చాలు.

వెళ్లలేనివారికి

చివరిగా, ఈ వ్యాసం చదువుతూ "మాకు ఇదంతా ఎక్కడ సాధ్యం?" అని నిట్టూర్చేవారికి ఒక మాట. కొంపోస్తెలా పత్రాన్ని నడవలేని రోగి తరఫున, లేక మరణించిన ఆత్మీయుల తరఫున నడిచి, వారి పేరు అందులో వ్రాయించుకొనే ఆచారం ఉంది. అంటే మంచంలో ఉన్న తల్లి కూడా కుమారుని కాళ్లతో ఆ దారిన నడవవచ్చునన్నమాట. అదే విధంగా నడిచే కుమారుడు తల్లి ప్రార్థనతో నడుస్తాడు. శ్రీసభ ఒకే శరీరమంటే ఇదే.

తోమాసుగారి భాషలో ఈ లోకంలో ఉన్న ప్రతి మానవుడూ బాటసారే. టిక్కెట్టు కొన్నవాడూ, కొననివాడూ. ఇంటి నుండి విచారణ గుడికి ఎండలో నడిచే ముసలమ్మ కూడా ఆ బాటసారులలో ఒకరే. ఆమె గమ్యం సాంతియాగోలో ఉన్నదానికంటే తక్కువది కాదు. అక్కడ ఉన్నది అపోస్తలుని సమాధి. ఇక్కడ మందసంలో ఉన్నది ఆ అపోస్తలుని ప్రభువు.

వెళ్లేవారు వెళ్లి రండి. వచ్చిన తరువాత ఫోటోల ఆల్బం చూపించే ముందు, బయలుదేరినప్పుడు రాజీపడిన తమ్ముని ఇంటికి మరొకసారి వెళ్లండి. ఆ మాటలు ఇంకా నిలిచి ఉంటే మీ యాత్ర ఫలించినట్లే. ఉండేవారు ఈ వారమే ఆ వంద అడుగులు నడిచి చూడండి. దానికి వీసా అక్కరలేదు.

పునీత యాకోబుగారి ప్రార్థనా సహాయంతో ప్రభువు మీ రాకపోకలను కాపాడి, మీ కుటుంబాలను సమాధానంలో నడిపించునుగాక! ఆమెన్.